పోయిన లోకము – దొరికిన ముక్కలు



ఈ పేజీలో సినిమా మాట వచ్చిందేమిటని పెద్దలు కొందరు కళ్ళజోడు సవరించుకొని మరల చదువుతారని మాకు తెలుసు. సినిమా హాలు గడప త్రొక్కకూడదని నియమము పెట్టుకున్న కుటుంబాలు మన సంఘాలలో ఇప్పటికీ ఉన్నాయి. ఆ నియమమును మేము గౌరవిస్తాము. ఏ సినిమా చూడాలి, ఏది మానాలి అన్నది ఈ నెల మా విషయము కాదు. వంద సంవత్సరాల క్రిందట ఎంతో శ్రమపడి చేసిన ఒక పని, దానికి హక్కుదారులైనవారి చేతులతోనే ఎట్లా నాశనమైపోయిందో, తరువాత దానిని ఎవరెవరు ఎక్కడెక్కడ నుండి ముక్కముక్కగా ఏరి తెచ్చారో చెప్పాలని మా ఉద్దేశము. ఈ సంగతి చివరికి మన ఇండ్లలోని ట్రంకు పెట్టెల దగ్గరకు వస్తుంది గనుక ఓపికగా చదవండి. పిల్లలున్న ఇంట్లో బిగ్గరగా చదవండి. ఇందులో ఇంటికంటె ఎత్తైన జంతువులున్నాయి, వారు కదలకుండా వింటారు.

కథ ఏమిటి?

షెర్లాక్ హోమ్స్ అను డిటెక్టివు కథలు వ్రాసిన ఆర్థర్ కోనన్ డోయల్ గారు 1912లో 'ది లాస్ట్ వరల్డ్' అను నవల వ్రాశారు. 'పోయిన లోకము' అని దానిని మనము చెప్పుకోవచ్చు. 1925లో అమెరికాలోని ఫస్ట్ నేషనల్ అను కంపెనీ ఆ నవలను సినిమాగా తీసింది. దర్శకుని పేరు హ్యారీ హోయ్ట్. అది మూకీ, అనగా మాటలు లేని చిత్రము. పాత్రలు పెదవులు కదిపిన తరువాత వారి మాటలు తెర మీద అక్షరాలుగా కనబడేవి. హాలులో ఎవరో పియానో వాయించేవారు. ఆ రోజులలో మన దేశములోనైతే తెర ప్రక్కన ఒక మనిషి నిలువబడి, జరుగుతున్న కథను జనానికి వారి భాషలో చెప్పేవాడు.

కథ ఇట్లా సాగుతుంది. లండనులో చాలెంజర్ అను ప్రొఫెసరు ఒకాయన ఉన్నాడు. మహా కోపిష్టి. దక్షిణ అమెరికాలో అమెజాను అడవుల నడుమ గోడవలె నిటారుగా లేచిన ఒక పీఠభూమి ఉన్నదనీ, భూమి మీద ఎప్పుడో నశించిపోయాయనుకున్న డైనోసార్లు దాని మీద ఇంకా బ్రతికి ఉన్నాయనీ ఆయన సభలో చెబుతాడు. విన్నవారు ఎగతాళి చేస్తారు. ఋజువు తెస్తానని ఆయన బయలుదేరుతాడు. ఆయనతో ఒక పత్రికా విలేఖరి, ఒక వేటగాడు, సందేహించే మరో ప్రొఫెసరు, ఆ పీఠభూమి మీద తప్పిపోయిన ఒక అన్వేషకుని కుమార్తె వెళతారు. ఆ అమ్మాయి తన తండ్రిని వెదకడానికి వెళుతుంది.

ఒక చెట్టును నరికి వంతెనగా వేసుకొని వారు పీఠభూమి మీదికి దాటుతారు. అంతలో ఒక పెద్ద జంతువు ఆ చెట్టును లోయలోకి త్రోసివేస్తుంది. తిరిగి వచ్చే దారి పోయింది. చుట్టూ ఒకదానినొకటి చీల్చుకొనే మృగాలు, పైన అగ్నిపర్వతము. చివరికి వారు పెంచుకున్న కోతి ఒకటి త్రాడు పట్టుకొని కొండ ఎక్కితే, ఆ త్రాడుతో నిచ్చెన లాగుకొని క్రిందికి దిగుతారు. ఒక డైనోసారును బ్రతికి ఉండగానే లండనుకు తెస్తారు. ఓడ నుండి దించేటప్పుడు అది తప్పించుకొని వీధులలో పడుతుంది. జనము పరుగులు తీస్తారు. టవర్ బ్రిడ్జి దాని బరువుకు విరిగిపోతుంది, అది నదిలో పడి ఈదుకుంటూ సముద్రము వైపు వెళ్ళిపోతుంది.

మూరెడు బొమ్మలతో మహా మృగాలు

ఆ రోజులలో కంప్యూటర్లు లేవు. మరి ఆ జంతువులు ఎట్లా నడిచాయి? విల్లిస్ ఓబ్రియన్ అను పనివాడు బొమ్మలతో నడిపించాడు. ఆ బొమ్మలు చేసినది మార్సెల్ డెల్గాడో అను యువకుడు. మెక్సికో దేశపు కుటుంబములో పుట్టినవాడు. పగలు పచారీ కొట్టులో పనిచేస్తూ బొమ్మల పని నేర్చుకుంటున్నాడు. ఓబ్రియన్ ఉద్యోగము ఇస్తానంటే మొదట ఒప్పుకోలేదట. చివరికి వచ్చి సుమారు 50 బొమ్మలు చేశాడు. చాలావరకు ఒక్కొక్కటి మూరెడు పొడవు మాత్రమే. లోపల కీళ్ళు కదిలే ఇనుప అస్థిపంజరము, దాని చుట్టూ స్పంజితో కండలు, పైన రబ్బరు చర్మము. కొన్నిటిలో గాలి తిత్తి కూడా పెట్టారు. దానిని కొద్దికొద్దిగా ఊది, కొద్దికొద్దిగా గాలి తీసివేస్తూ ఫోటోలు తీస్తే తెర మీద జంతువు ఊపిరి పీల్చినట్లే కనబడుతుంది.

పద్ధతి చెబితే చాలా సులభము, చేస్తే చాలా కష్టము. బొమ్మ కాలిని గింజంత కదపాలి, ఒక ఫోటో తీయాలి. మరల గింజంత కదపాలి, మరొక ఫోటో. అడుగు పొడవు ఫిల్ములో 16 ఫోటోలు పడతాయి. సెకనుకు 20 ఫోటోలని లెక్క వేసుకుంటే ఒక్క నిమిషము చూడడానికి 1200 సార్లు కదపాలి. రెండు జంతువులు పోట్లాడితే రెండిటి కాళ్ళు, తోకలు, మెడలు, నోళ్ళు అన్నీ కదపాలి. ఎవరైనా పొరపాటున చేయి తగిలిస్తే మొదటినుండి మొదలుపెట్టాలి. మన ఆడవారు ముగ్గు చుక్కలు పెట్టేటప్పుడో, నేతపనివారు పోగు అతికేటప్పుడో చూపే ఓపిక వంటిది అది. నెలల తరబడి చేసిన పని తెర మీద కొద్ది నిమిషాలలో అయిపోతుంది.

ఆ పని ఎంత బాగా కుదిరిందంటే, సినిమా పూర్తికాక ముందే 1922 జూనులో కోనన్ డోయల్ గారు న్యూయార్కులో ఇంద్రజాలికుల విందుకు వెళ్ళి, ఏమీ చెప్పకుండా ఒక చిన్న రీలు వేసి చూపించారు. అందరినీ మాయ చేసే ఇంద్రజాలికులే నోరు తెరిచి చూశారు. మరునాడు న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆ జంతువులు నిజమో కల్పనో తేల్చలేనట్లు వార్త వ్రాసింది. తరువాత ఆయనే అది సినిమా కొరకు చేసినదని తెలియజేశారు. 1925 ఏప్రిలులో లండను నుండి యూరపు వెళ్ళే ఒక విమానములో ఈ చిత్రమును ప్రయాణికులకు చూపించారు. విమానములో సినిమా చూపడమన్నది లోకములో దాదాపు అప్పుడే మొదలైంది.

ఎట్లా పోయింది?

ఇంత పేరు వచ్చిన చిత్రము నాలుగేళ్ళు తిరిగేసరికి పాతబడిపోయింది. 1927 నుండి మాట్లాడే చిత్రాలు వచ్చాయి. టాకీ వచ్చిన ఊరిలో మూకీకి గిరాకీ లేదు. లాంతరు ఉన్న ఇంటికి కరెంటు వచ్చినట్లయింది. లాంతరునైతే అటక మీద పెడతాము. సినిమా కంపెనీలకు అటక కూడా ఖర్చే.

1929 ప్రాంతములో 'ది లాస్ట్ వరల్డ్' ప్రతులను హాళ్ళ నుండి వెనక్కు తెప్పించి నాశనము చేయించారు. హక్కులు చేతులు మారేటప్పుడు పాత ప్రతులు బయట తిరగకూడదన్నది వారి వ్యాపార లెక్క. శత్రువులు కాదు, దొంగలు కాదు, హక్కుదారులే కాగితము మీద సంతకము పెట్టి చేసిన పని ఇది. ఈ నాశనములో కోపము లేదు, ద్వేషము లేదు. 'ఇక దీనితో పనేమున్నది?' అన్న ఒక్క ప్రశ్న మాత్రమే ఉన్నది. ఆ ప్రశ్నను మీరు జ్ఞాపకము పెట్టుకోండి, తరువాత మరల కావలసి వస్తుంది.

ఒక్క చిత్రము సంగతి కాదు ఇది. ఆనాటి ఫిల్ము నైట్రేటు అను పదార్థముతో చేసేవారు. అది తుపాకి మందుకు చుట్టము. ఒకసారి అంటుకుంటే తనకు కావలసిన ప్రాణవాయువును తానే పుట్టించుకుంటుంది గనుక నీటిలో ముంచినా ఆరదు. అంటుకోకపోయినా వేడికి, తేమకు తనంతట తానే కుళ్ళుతుంది. మొదట బొమ్మ వెలిసిపోతుంది, తరువాత జిగురవుతుంది, చివరికి డబ్బా మూత తీస్తే గోధుమరంగు పొడి కనబడుతుంది. 1950ల ఆరంభము వరకు సినిమాలన్నీ దాదాపు దీని మీదనే ఉండేవి. దానికి తోడు ఫిల్ములో కొద్దిగా వెండి ఉంటుంది. ఆ కొద్ది వెండి కొరకు ఎన్నో చిత్రాలను కరిగించారు. 1937 జూలైలో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రములో ఫాక్స్ కంపెనీ గోడౌను ఎండవేడికి అంటుకొని 40,000కు పైగా రీళ్ళు బూడిదైపోయాయి. ఒక బాలుని ప్రాణము కూడా పోయింది.

అమెరికా ప్రభుత్వ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో లెక్క తీసి చెప్పింది. 1912 నుండి 1929 వరకు ఆ దేశములో తీసిన పెద్ద మూకీ చిత్రాలు 10,919. వాటిలో విడుదలైన రూపములో పూర్తిగా మిగిలినవి 1,575 మాత్రమే. అంటే నూటికి 14. మరికొన్ని చిన్న ఫిల్ము మీదనో, పరదేశపు ప్రతులుగానో, ముక్కలుగానో ఉన్నాయి. నూటికి 70 పూర్తిగా పోయాయి. కోట్ల మంది చూసి నవ్వి ఏడ్చిన కథలు, ఇప్పుడు పేర్లు మాత్రమే.

ఎట్లా దొరికింది?

'ది లాస్ట్ వరల్డ్' పూర్తిగా పోకుండా కాపాడినది ఒక చవక నకలు. ఆ రోజులలో కొడాక్ కంపెనీవారు ధనవంతుల ఇండ్లలో వేసుకొనే చిన్న ప్రొజెక్టర్ల కొరకు పెద్ద సినిమాలను కుదించి, 16 మిల్లీమీటర్ల సన్నని ఫిల్ము మీద అద్దెకు ఇచ్చేవారు. ఆ ఫిల్ము అంత సులువుగా అంటుకోదు. పది రీళ్ళ చిత్రమును వారు దాదాపు సగానికి కత్తిరించారు. బొమ్మ అంత స్పష్టముగా లేదు. కథలో పాత్రలు వచ్చి చెప్పకుండానే మాయమవుతాయి. అయినప్పటికీ సుమారు అరవై సంవత్సరాలు లోకము చూసినది ఆ సగము చిత్రాన్నే. ఘనమైన అసలు ప్రతులు బూడిద కాగా, ఎవరూ లెక్కచేయని పొట్టి నకలు బ్రతికింది.

తరువాత 1990లలో చెక్ దేశపు ఫిల్ము భాండాగారములో ఇంకొక ప్రతి ఉన్నట్లు తెలిసింది. కొడాక్ నకలులో లేని భాగాలు ఎన్నో అందులో ఉన్నాయి. అమెరికాలో నాశనము చేయమన్న ఉత్తరువు అంత దూరము చేరలేదన్నమాట. అమెరికాలోని రోచెస్టరు నగరములో ఉన్న జార్జ్ ఈస్ట్‌మన్ హౌస్ అను మ్యూజియమువారు ఆ ముక్కలను పాత ముక్కలతో అతికారు. 1998లో అమెరికా ప్రభుత్వము భద్రపరచదగిన చిత్రాల జాబితాలో దీనిని చేర్చింది. 2016లో ప్యారిస్‌కు చెందిన లాబ్‌స్టర్ ఫిల్మ్స్ వారు మరికొన్ని చోట్ల దొరికిన ముక్కలన్నీ కలిపి గంటా నలభై నిమిషాలకు పైబడిన ప్రతి తయారుచేశారు. మొదట చూసినవారు చూసినదానికి ఇది చాలా దగ్గర. ఇందుకు పట్టిన కాలము దాదాపు 90 సంవత్సరాలు. నాశనము చేయడానికి ఒక సంతకము చాలింది.

దొరికినదంతా మెచ్చుకోదగినదే అని మేము అనము. అందులో నల్లజాతి సేవకుని పాత్రను ఒక తెల్లవాడు ముఖానికి నల్లరంగు పూసుకొని వేశాడు. నవ్వించడానికి చేసిన ఆ వేషము చూస్తే నేడు మనసు నొచ్చుకుంటుంది. అయితే అది కత్తిరించి పారవేస్తే, ఆనాటివారు సాటి మనుష్యులను ఎట్లా చూశారో మన పిల్లలకు తెలియకుండా పోతుంది. దాచి ఉంచడము వేరు, మెచ్చుకోవడము వేరు. మన పెద్దల కాగితాలలో కూడా మనకు సిగ్గు కలిగించే మాటలుంటాయి. అవి కూడా ఉండాలి.

మంచు క్రింద 533 రీళ్ళు

ఇంకొక సంగతి చెప్పకుండా ముందుకు పోలేము. కెనడా దేశపు ఉత్తర కొననున్న యూకాన్ ప్రాంతములో డాసన్ సిటీ అను చిన్న ఊరున్నది. ఒకప్పుడు బంగారము కొరకు జనము ఎగబడిన ఊరు. సినిమాలు ఊరూరు తిరిగి చివరికి అక్కడికి చేరేవి. తిరిగి పంపాలంటే రవాణా ఖర్చు దండగ అని కంపెనీలు వద్దన్నాయి. చాలా రీళ్ళను నదిలో పారవేశారు, కాల్చివేశారు. మిగిలినవాటిని 1929లో వాడుక లేని ఈత కొలనులో వేసి, పైన మట్టి కప్పి, మంచు మీద ఆడే ఆటకు నేల చదును చేసుకున్నారు.

1978లో క్రొత్త భవనము కొరకు ఆ స్థలములో త్రవ్వుతుండగా, యంత్రము నడుపుతున్న మనిషికి మట్టిలో ఫిల్ము చుట్టలు కనబడ్డాయి. ఆయన ఎవరనుకున్నారు? ఆ ఊరి పెంతెకోస్తు సంఘ పాస్టరు గారే. ఊరి కౌన్సిలులో సభ్యుడు కూడా. పాస్టరు గారు జీవనాధారానికి మరొక పని చేసుకోవడము మన గ్రామ సంఘాలలో క్రొత్త కాదు గనుక మాకు ఇది చదివినప్పుడు ఆయన మన మనిషే అనిపించింది. చెత్త అని లారీకి ఎత్తించి ఉంటే ఎవరూ అడిగేవారు కాదు. ఆయన పని ఆపారు, తెలిసినవారికి కబురు చేశారు. ఆ నేల ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉండే నేల గనుక లోపలి ఫిల్ములు కుళ్ళకుండా ఉన్నాయి. 533 రీళ్ళు దక్కాయి. అంటుకొనే సరుకని మామూలు రవాణావారు ఒప్పుకోకపోతే కెనడా వాయుసేన విమానములో తీసుకుపోయారు. ఇక లోకములో లేవనుకున్న చిత్రాలు ఎన్నో వాటిలో ఉన్నాయి.

మన దేశము సంగతి

మన దేశములో సుమారు 1300 మూకీ చిత్రాలు తీశారు. వాటిలో పూర్తిగానో, ముక్కలుగానో మిగిలినవి ముప్పైలోపే. బొంబాయిలో ఫాల్కే గారు క్రీస్తు జీవితమును గూర్చిన ఒక పరదేశపు చిత్రమును చూసి, తాను కూడా సినిమా తీయాలని పూనుకొని 1913లో 'రాజా హరిశ్చంద్ర' తీశారు. ఈ సంగతి ఆయనే వ్రాసిపెట్టారు. మన తెలుగువారిలో బందరుకు చెందిన రఘుపతి వెంకయ్యగారు మద్రాసులో ఫోటో స్టూడియోతో ప్రారంభించి, సినిమా హాలు కట్టించి, కుమారుడు ప్రకాశ్‌ను సినిమా పని నేర్చుకోవడానికి విదేశాలకు పంపారు. తండ్రీ కొడుకులు 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు. తెలుగువారు తీసిన మొదటి చిత్రమని దానిని చెప్పుకుంటాము. వెంకయ్యగారి పేరిట ప్రభుత్వము పురస్కారము పెట్టింది. కాని ఆ చిత్రపు ప్రతి నేడు లేదు. దానికి కొడాక్ నకలు లేదు, చెక్ ప్రతి లేదు, మంచు నేల లేదు. మన ఎండలు, మన వానలు, మన నిర్లక్ష్యము మాత్రమే ఉన్నాయి.

1964లో ప్రభుత్వము పూనాలో జాతీయ ఫిల్ము భాండాగారము స్థాపించింది. అక్కడ పనిచేసిన పి.కె. నాయర్ గారు ఊరూరా తిరిగి, పాత సినిమా కుటుంబాల ఇండ్లలో వెదకి, ఫాల్కే గారి చిత్రాలలో మిగిలిన ముక్కలను తెచ్చి భద్రపరిచారు. 2016లో మరణించే వరకు ఆయనకు అదే ధ్యాస. ఆయన ఒక్కడు లేకపోతే ముప్పైలోపు అన్న ఆ లెక్క ఇంకెంతో చిన్నదై ఉండేది. అయినా 2003లో పూనాలోనే నైట్రేటు ఫిల్ములు ఉంచిన గదులు అంటుకొని మిగిలినవాటిలో కూడా ఎన్నో పోయాయి.

మన ఇండ్లలో ఏమున్నది?

ఇప్పుడు ట్రంకు పెట్టె దగ్గరకు వద్దాము. సినిమా పోతే మనకేమి అనుకోవచ్చు. కాని 'ఇక దీనితో పనేమున్నది?' అన్న ఆ ప్రశ్న మన ఇండ్లలో కూడా వినబడుతుంది. క్రొత్త ఇల్లు కట్టినప్పుడు, పాత మందిరము విప్పినప్పుడు, తాతగారు చనిపోయి ఆయన గది ఖాళీ చేసినప్పుడు అడుగుతాము. ఆ రోజున గోతిలోకి, పొయ్యిలోకి, పాత కాగితాలవాని తక్కెడలోకి ఏమేమి పోతున్నాయో మేము తిరిగే గ్రామాలలో చూస్తూనే ఉన్నాము. చెదలు తిన్న బాప్తిస్మపు రిజిస్టర్లు, పేర్లు తెలియని పెండ్లి ఫోటోలు, కూలికి పోయి అక్షరము నేర్చుకున్న మొదటి తరమువారు వ్రాసుకున్న నోటు పుస్తకాలు, ఇప్పుడు లేని అమ్మమ్మల గొంతులున్న క్యాసెట్లు. గొప్పవారి చరిత్ర ఎవరో ఒకరు వ్రాస్తారు. మన పల్లెల చరిత్రకు వేరే భాండాగారము లేదు. మన పెట్టెలే దాని భాండాగారము. పుట్టిన తేదీ ఋజువు లేని ముసలివారికి బాప్తిస్మపు రిజిస్టరులోని ఒక్క వరుస ఎంత ఆధారమో, పోయిన తరువాత తెలుస్తుంది.

యెహోయాకీము రాజు యిర్మీయా గ్రంథపుచుట్టను చాకుతో కోసి కుంపటిలో వేసిన సంగతి మీరెరుగుదురు. బారూకు మరల కూర్చొని వ్రాశాడు గనుక ఆ మాటలు మిగిలాయి. చెప్పినవాడు బ్రతికి ఉన్నాడు గనుక మరల వ్రాయగలిగాడు. చెప్పగలిగినవారు పోయిన తరువాత కాలిపోతే వ్రాసేదెవరు?

'ది లాస్ట్ వరల్డ్' కథలో నుండి మూడు పాఠాలు మాకు కనబడుతున్నాయి. మూడూ ఖర్చు లేని పనులే.

మొదటిది, నకలు చిన్నదైనా తీయండి. సగము చిత్రమైనా మసక చిత్రమైనా అరవై ఏండ్లు దీపము ఆరకుండా నిలిపింది. మంచి కెమెరా వచ్చిన తరువాత తీద్దాము, చదువుకున్న మనుమడు వచ్చిన తరువాత చేద్దాము అని ఆగకండి. సెల్‌ఫోనుతో ఇప్పుడే ఫోటో తీయండి. రిజిస్టరును చేతితో వ్రాసినా చాలును. క్యాసెట్లు ఇంకా పలుకుతుండగానే వేరొకదానిలోకి ఎక్కించండి. టేపుకు బూజు పట్టిన తరువాత ఏమీ చేయలేము.

రెండవది, రెండు ప్రతులు రెండు ఊళ్ళలో ఉంచండి. ఒకే బీరువాలో పది నకళ్ళున్నా ఒక్క నిప్పురవ్వ చాలును. చెక్ దేశములోని ప్రతి దూరముగా ఉన్నది గనుకనే మిగిలింది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము వ్రాసినవారికి ఈ తెలివి ముందే ఉన్నది. పెండ్లి వివరము సంఘపు రిజిస్టరులో ఉండడమే కాక ప్రభుత్వ రిజిస్ట్రారుకు కూడా చేరాలని అందుకే నియమించారు. మీ ఇంటి ఫోటోల నకలు ఒకటి పుట్టింటిలో, ఒకటి అత్తవారింటిలో ఉంచండి. సెల్‌ఫోనులో ఉన్నది కదా అని నిశ్చింతగా ఉండకండి. ఫోను నీటిలో పడితే అది కూడా ఒక గోడౌను తగులబడడమే.

మూడవది, పేరు వ్రాయండి. ప్రపంచములోని భాండాగారాలలో ఏ చిత్రములోనివో తెలియని ముక్కలు ఎన్నో ఉన్నాయి. దొరికి కూడా పోయినవి అవి. మీ ఇంటి ఫోటో వెనుక పెన్సిలుతో మెల్లగా వ్రాయండి: ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరము. పెన్ను సిరా ముందువైపుకు దిగుతుంది, పెన్సిలు దిగదు. కాగితాలను నేల మీద కాక ఎత్తున, తేమ తగలని చోట ఉంచండి. ఏడాదికొకసారైనా తెరచి చెదలు చూసుకోండి. తెరవని పెట్టెకు భద్రత లేదు.

ఒక మాట యువతీ యువకులతో. మీ నాయనమ్మ ప్రక్కన కూర్చొని పాత ఫోటోలు ఒక్కొక్కటి చూపించి ఎవరని అడగండి. ఒక్కొక్క ముఖానికి ఆమె ఒక కథ చెబుతుంది. కొన్నిసార్లు ఏడుస్తుంది, ఏడవనివ్వండి. ఆ ఫోటోలోని మనిషి పేరు తెలిసినవారిలో ఆమే చివరి మనిషి కావచ్చును. డెల్గాడో చేసిన డైనోసారును 90 ఏండ్ల తరువాత కూడా ముక్కముక్కగా కూర్చగలిగారు, ఎందుకంటే ఎక్కడో ఒకచోట ఒక ముక్క ఉన్నది. మీ నాయనమ్మ జ్ఞాపకానికి ఇంకెక్కడా నకలు లేదు.

సంఘ పెద్దలకు కూడా ఒక మనవి. ఈ నెల కమిటీలో డబ్బు లెక్కలు అయిన తరువాత అరగంట తీసుకొని పాత రిజిస్టర్లు ఎక్కడున్నాయో, ఎన్ని ఉన్నాయో, తాళము ఎవరి దగ్గర ఉన్నదో చూసి మినిట్సులో వ్రాయించండి. చక్కని చేవ్రాత గల ఒక చెల్లెలికో తమ్మునికో నకలు వ్రాసే పని అప్పగించండి. వారానికి నాలుగు పేజీలు వ్రాసినా ఏడాదికి రెండు వందల పేజీలు దాటుతాయి. బొమ్మ కాలిని గింజంత కదిపి, ఫోటో తీసి, మరల గింజంత కదిపినవారి ఓపిక మనకు ఈ మాత్రము రాదా?